కిడ్నీలో గండి

మా బావగారు ఆంజనేయరాజు గారికి తెలియని సంగతంటూ లేదు. చేపలకి మేత ఎప్పుడు వెయ్యాలో, ఏ మంత్రి ఎప్పుడు పడిపోతాడో, ఎవరి కడుపునొప్పి దేనివల్ల వచ్చిందో, అరుగు మీద పడక్కుర్చీలోంచి లేవకుండా చెప్పేస్తారు. చెప్పినదాంట్లో సగం తప్పని తేలాక కూడా అదే కుర్చీలో, అదే గొంతుతో ఇంకోటి చెప్పగలరు. మొదటిదానికన్నా ఈ రెండో విద్యే గొప్పది.

ఆయన తమ్ముడు భీమరాజు గారు నా భర్త. భీమవరానికి ఎనిమిది కిలోమీటర్లలో మా ఊరు. చేపల చెరువులు అన్నదమ్ములిద్దరివీ. మాట మాత్రం ఒక్కరిదే. "అలాగే అన్నయ్యగారండి" అన్న ముక్క తప్ప నా భర్త అన్నగారి ముందు ఇంకో వాక్యం పూర్తి చేసినట్టు నాకు గుర్తు లేదు. ఇక నా సంగతంటారా, మా ఇళ్లలో తమ్ముడి భార్య బావగారికి ఎదురుపడి మాట్లాడే అలవాటు లేదు. పెళ్లయి ఇరవై రెండేళ్లయినా నేను చెప్పాల్సింది తలుపు వెనక నుంచి నా భర్తకి చెప్పడం, ఆయన దాన్ని సగం మింగి మిగతా సగం అన్నగారికి చేరెయ్యడం. ఆ మింగిన సగాలన్నీ పోగేస్తే పెద్ద పుస్తకమే అవుతుంది.

రెండు వేల ఆరు వేసవిలో నాకు ముఖం ఉబ్బడం మొదలైంది. పొద్దున్న లేచేసరికి కళ్లు తెరుచుకునేవి కావు. సాయంత్రానికి ఆ వాపంతా పాదాల్లోకి దిగేది. బావగారు అరుగు మీద నుంచే రోగం కనిపెట్టారు.

"ఊరగాయలు ఎక్కువ తింటున్నట్టుంది. మానెయ్యమను."

మానేశాను. వాపు మానలేదు. నెల పోయాక మా ఆయన ఎలాగో ధైర్యం చేసి నన్ను రాజమండ్రి తీసుకెళ్లారు. అక్కడ కిడ్నీల డాక్టరు మహేంద్ర గారు సన్నగా, ముభావంగా ఉండే మనిషి. మూత్రంలో ప్రొటీను విపరీతంగా పోతోందన్నారు. ఎందుకు పోతోందో తెలియాలంటే కిడ్నీలోంచి దారమంత ముక్క తీసి పరీక్షకి పంపాలన్నారు.

బయాప్సీ ఐదు నిమిషాల పని. బోర్లా పడుకోబెట్టి, నడుము దగ్గర మత్తు ఇచ్చి, స్కానింగు తెర మీద చూస్తూ ఎడమ కిడ్నీలోకి సూది పంపారు. టక్కుమని స్టేప్లర్ కొట్టినట్టు చప్పుడైంది. రెండుసార్లు. తరవాత ఒక రోజంతా వెల్లకిలా కదలకుండా పడుకోబెట్టి, మర్నాడు పంపిస్తూ డాక్టరు గారు మా ఇద్దరికీ వినపడేలా చెప్పారు.

"రెండు వారాలు బరువులు ఎత్తకూడదండి. కుదుపుల ప్రయాణాలు చెయ్యకూడదు. మూత్రం ఎర్రగా వస్తే ఫోన్ చెయ్యండి."

మా ఆయన ఈ మూడు ముక్కలూ అన్నగారికి అప్పజెప్పారు. అన్నగారు నవ్వారట.

మూడో రోజున ఆకివీడులో బావగారి మనవరాలి ఓణీల ఫంక్షన్. ఇంటి కోడలు కనపడకపోతే నలుగురూ ఏమనుకుంటారని కబురొచ్చింది. నలుగురూ ఏమనుకుంటారో ఆయనకి ఎప్పుడూ తెలుసు. ఆ నలుగురి పేర్లు మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారీ చెప్పలేదు. "పోనీ ఓ గంట కూర్చుని వచ్చేద్దాం" అన్నారు మా ఆయన, నా కళ్లలోకి చూడకుండా.

గుంతలు పడ్డ రోడ్డు మీద జీపులో వెళ్లాను. ఎర్ర పట్టుచీర కట్టుకుని, పళ్లూ చీరలూ పేర్చిన ఇత్తడి పళ్లాలు మోశాను. ఈ కథలో నేను చాలామందిని తిట్టబోతున్నాను కాబట్టి ముందే చెప్పేస్తున్నాను: ఆ రోజు జీపు ఎక్కినందుకు నా మీద నాకున్న రోతకి అవేవీ సాటి రావు. నాకు చదువొచ్చు. చెప్పింది అర్థమైంది. అయినా ఎక్కాను.

ఆరో రోజు పొద్దున్న మూత్రం మాంసం కడిగిన నీళ్ల రంగులో వచ్చింది. మధ్యాహ్నానికి చిక్కటి ఎరుపు. మా ఆయన రాజమండ్రికి ఫోన్ చేస్తే డాక్టరు గారు కాకుండా ఎవరో ఎత్తి, "మొదట్లో కొంచెం ఎరుపు మామూలేనండి, నీళ్లు బాగా తాగమనండి" అని పెట్టేశారట. ఎన్నో రోజు అని అడగలేదు. ఎంత ఎరుపు అని అడగలేదు. నోటికొచ్చిన పాఠం అప్పజెప్పేవాళ్లు ఆసుపత్రుల్లోనూ ఉంటారన్నమాట, మా అరుగు మీదే అనుకున్నాను.

ఇక బావగారి వైద్యం మొదలైంది. వేడి చేసిందన్నారు. సబ్జా గింజలు, బార్లీ, కొబ్బరినీళ్లు. మర్నాడు కాస్త తేటపడేసరికి అరుగు మీద ఆయన గొంతు వీధి చివరికి వినపడింది. "చూశావా? దీనికి రాజమండ్రి ఎందుకు?"

ఎనిమిదో రోజున రక్తం గడ్డలు గడ్డలుగా దిగింది. తరవాత ఆ గడ్డలే అడ్డంపడి మూత్రం ఆగిపోయింది. పొత్తికడుపు రాయిలా బిగిసిపోయింది. నేను మంచం పట్టె పట్టుకుని అరుస్తుంటే, బావగారు భీమవరంలో తనతో పేకాడే సర్జను గారికి ఫోన్ చేసి, తన కార్లోనే నన్ను ఆయన నర్సింగ్ హోముకి పంపించారు. వెనకాలే ఇంకో కార్లో తనూ వచ్చారు. నన్ను చూడ్డానికని కాదు, చెప్పాల్సింది చెప్పడానికి.

అక్కడ చిట్టెమ్మ అని పెద్ద నర్సు ఉంది. గొట్టం వేసి, సెలైనుతో కడిగి, గడ్డలు బయటికి లాగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. రక్తపరీక్షలో హిమోగ్లోబిను ఏడుకి పడిపోయింది. ఒక సీసా రక్తం పెట్టారు.

అప్పుడొచ్చారు సర్జను గారు. తెల్లబూట్లు, సెంటు వాసన. నా చెయ్యి పట్టుకోలేదు, కడుపు నొక్కి చూడలేదు. మంచం కాళ్ల దగ్గర నిలబడి, నన్ను కాకుండా మా బావగారిని చూస్తూ మాట్లాడారు.

"లోపల పగిలిందండి. ఆలోచించేదేం లేదు. రేప్పొద్దున్న కిడ్నీ తీసిపారేద్దాం. రెండోది ఉందిగా!"

"ఆయ్, అంతేనండి" అన్నారు బావగారు. "రెండోది ఉందిగా!"

ఇద్దరూ నవ్వుకున్నారు. అప్పటికే జబ్బున్న కిడ్నీలవి. రెండింటికీ ఒకటే జబ్బు. రెండోది ఎన్నాళ్లుంటుందో ఎవరికీ తెలియదు, తెలియడానికే బయాప్సీ చేయించుకున్నది. ఆ రిపోర్టు వచ్చిందా అని వీళ్లిద్దరిలో ఒక్కరూ అడగలేదు. చెరువులో నీళ్లు తోడే ఇంజను ఒకటి పాడైతే రెండోది ఉందిగా అని మొదటిదాన్ని గోదాట్లో పారేస్తారా ఈ పెద్దమనుషులు? ఇంజను విలువ వాళ్లకి తెలుసు.

వాళ్లు బయటికి వెళ్లాక చిట్టెమ్మ సెలైను సీసా మారుస్తూ, గోడతో మాట్లాడుతున్నట్టు అంది.

"అమ్మా, నేను చెప్పానని అనకండి. నేను ఇదివరకు వైజాగులో చేసినప్పుడు ఇలాంటి కేసు ఒకటి చూశాను. కొయ్యలేదండి. తొడ దగ్గర నుంచి వైరు పంపించి, కారే చోటే మూసేశారు. ఆ సూది గుచ్చిన డాక్టరు గారితో మీరే మాట్లాడండి."

మా ఆయన్ని పిలిచి సెల్‌ఫోన్ తీసుకున్నాను. మూడోసారికి మహేంద్ర గారే ఎత్తారు. నేను చెప్పింది మొత్తం మధ్యలో ఆపకుండా విన్నారు. తరవాత గబగబా నాలుగు ప్రశ్నలు. ఎన్నో రోజు, గడ్డలున్నాయా, బీపీ ఎంత, రక్తం ఎంత.

"ముందు చేసిన ఫోన్ సంగతి నాకు చెప్పలేదండి మావాళ్లు. మీరు ఆపరేషనుకి ఒప్పుకోకండి. ఇంకో సీసా రక్తం పెట్టించుకుని, బీపీ నిలబడితే వెంటనే బయల్దేరి వచ్చెయ్యండి. గొట్టం తియ్యనివ్వకండి."

ఫోన్ పెట్టేసేసరికి బావగారు కాగితం పట్టుకుని లోపలికొచ్చారు. ఆపరేషనుకి ఒప్పుదల కాగితం. సంతకం ఆయనదే, అప్పటికే పెట్టేసి ఉంది. పెద్దదిగా, కింద రెండు గీతలు కొట్టి.

"భీవరాజూ, నువ్వు కూడా ఇక్కడ పెట్టు."

మా ఆయన పెన్ను అందుకున్నారు. అందుకుని, మూత తీసి, నా వైపు చూశారు. ఆ చూపు నాకు బాగా తెలుసు. నువ్వే ఏదో ఒకటి చెయ్యి, నేను చెయ్యలేను, అని బతిమాలే చూపు. ఆ క్షణంలో నాకు ఆ సర్జను మీద కన్నా, బావగారి మీద కన్నా, ఈ మనిషి మీద ఎక్కువ ఏవగింపు కలిగింది.

"బావగారండి" అన్నాను.

గదిలో ఎవరో గ్లాసు పడేసినట్టయింది అందరికీ. ఆయన నన్ను కాకుండా మా ఆయన్ని చూశారు, ఈ గొంతు ఎక్కడిదన్నట్టు.

"కిడ్నీ నాదండి. ఆ కాగితం మీద మీ సంతకం ఎందుకండి?"

"మంగమ్మా, నీకు తెలీదమ్మా. పెద్దవాళ్లం మాట్లాడుకున్నాం..."

"పేకాట్లో మాట్లాడుకున్నారా, ఇక్కడ మాట్లాడుకున్నారా? ఆ డాక్టరు గారు నా కడుపు మీద చెయ్యి కూడా వెయ్యలేదండి. మీ గేదెకి జబ్బు చేసినప్పుడు పశువుల డాక్టరు దాని చెవి పట్టుకుని చూశాడు. ఆపాటి కూడా చూడలేదు నన్ను."

ఆయన ముఖం ఎర్రబడింది. "ఏంటి భీవరాజూ ఇది?" అన్నారు.

"ఆయన్ని అడక్కండి. ఆయనకి మీరు చెప్పింది తప్ప ఏమీ తెలీదు. నన్నడగండి. నేను రాజమండ్రి వెళ్తున్నాను."

ఆయన నన్నడగలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, "దారిలో ఏదన్నా అయితే నాకు సంబంధం లేదు" అని వెళ్లిపోయారు. కార్లు కూడా రెండూ తీసుకుపోయారు. తన మరదలి ప్రాణం కన్నా తన మాట పోవడం ఎక్కువైన మనిషి అంతకన్నా ఏం చేస్తాడు?

మా చెరువుల దగ్గర సుమో నడిపే చినబాబుని పిలిపించాం. రెండో సీసా రక్తం పూర్తయ్యాక వెనక సీట్లు మడిచి పరుపు వేసి నన్ను పడుకోబెట్టారు. చిట్టెమ్మ మా ఆయనకి మూత్రం సంచి అప్పగించి చెప్పింది. "ఇది ఎప్పుడూ అమ్మగారి కన్నా కిందే ఉండాలండి. పైకెత్తితే వెనక్కి పోతుంది. గొట్టం మడత పడకూడదు. గడ్డ అడ్డంపడితే ఇలా నెమ్మదిగా నొక్కండి."

తణుకు మీదుగా నిడదవోలు, కొవ్వూరు, బ్రిడ్జి. ఆ దారంతా మా ఆయన సీటు మీద కూర్చోలేదు. సుమో అడుగున గొంతుక్కూర్చుని, ఆ ఎర్ర సంచిని రెండు చేతులతో పట్టుకుని, ప్రతి గుంతకీ గొట్టాన్ని సర్దుతూ వచ్చారు. మాట్లాడి ఉంటే తిట్టేదాన్ని.

రాజమండ్రిలో మహేంద్ర గారు గుమ్మంలోనే ఉన్నారు. నా నడుము మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. తరవాత స్కానింగు గదిలో డాక్టరు భవ్య గారు రక్తం పారే తీరు చూపించే డాప్లర్ స్కాన్ తీశారు. ముప్పై రెండేళ్లుంటాయేమో. హైదరాబాదులో ఈ వైరుతో మూసే పని నేర్చుకుని రాజమండ్రి వచ్చి ఆరు నెలలు. తెర మీద ఎరుపూ నీలం కలగలిసి గిరగిరా తిరుగుతున్న మచ్చ ఒకటి చూపించారు.

"మీది చెరువుల ఊరు కదండీ, మీకు తేలిగ్గా అర్థమవుతుంది. పంటకాలువ పక్కనే మురుగుకాలువ ఉందనుకోండి. మధ్య గట్టుకి గండి పడితే ఏమవుతుంది?"

"పంటకాలువ నీళ్లన్నీ మురుగులోకి పోతాయండి."

"అదే అయింది. రక్తం తెచ్చే నాళానికి, తీసుకెళ్లే నాళానికి మధ్య గండి పడింది. పక్కన ఒకచోట గట్టు ఉబ్బి బుడగలా ఉంది. అది పగిలినప్పుడల్లా మూత్రంలోకి రక్తం వస్తోంది. ఆ ఒక్క పిల్లకాలువ వరకు మూసేస్తే మిగతా కిడ్నీ అంతా ఉంటుంది."

నేను మహేంద్ర గారి వైపు తిరిగాను. నాకు కావాల్సింది ఒకటుంది. "ఆ జీపు ప్రయాణం వల్లేనా డాక్టరు గారూ? గట్టిగా చెప్పండి. ఇంట్లో ఒకాయనకి చెప్పాలి."

ఆయన తల అడ్డంగా ఊపారు. "అలా చెప్పలేనండి. వెళ్లకుండా ఉండాల్సింది. కానీ ఈ గండి పడింది నా సూది వల్ల. జాగ్రత్తగానే చేశాను, అయినా కొంతమందికి ఇలా అవుతుంది. చాలావరకు వాటంతటవే మూసుకుపోతాయి. మీది మూసుకోలేదు. మీరు మొదటిసారి ఫోన్ చేసిన రోజే నేను పిలిపించి స్కాన్ తీయించి ఉండాల్సింది. నాకు తెలియలేదు. అది నా ఆసుపత్రి తప్పు, అంటే నాదే."

నేను తిట్టడానికి సిద్ధం చేసుకున్న మాటలు ఆగిపోయాయి. నా చుట్టూ ఉన్న మగవాళ్లలో ఒకడు "తప్పు నాదే" అనడం అదే మొదటిసారి వినడం.

ఒప్పుదల కాగితం భవ్య గారు నా చేతికే ఇచ్చారు. చదివాను. కుదరకపోతే కిడ్నీ తీయాల్సి రావచ్చని, నాళాలు తెర మీద కనపడ్డానికి ఎక్కించే మందు కిడ్నీకి కొంచెం చేటు చెయ్యొచ్చని, కిడ్నీలో కొంత భాగం చచ్చిపోతుందని ఉంది. అన్నీ అడిగి తెలుసుకుని సంతకం పెట్టాను. కింద గీతలేమీ కొట్టలేదు.

ఈ పనికి కావాల్సిన యంత్రం దగ్గర్లోని గుండె ఆసుపత్రిలో ఉంది. నన్ను అక్కడికి మార్చారు. ఆ గది చలికి పళ్లు కొట్టుకున్నాయి. కుడి గజ్జ దగ్గర మత్తు సూది చురుక్కుమంది, తరవాత ఎవరో వేలితో నొక్కుతున్నట్టు తప్ప నొప్పి లేదు. మెలకువగానే ఉన్నాను. మందు ఎక్కినప్పుడల్లా నడుములోంచి వేడి నీళ్లు పోసినట్టు పాకేది. తెర మీద నా కిడ్నీ నల్లటి కొమ్మలతో చెట్టులా విచ్చుకుని మాయమయ్యేది. ఒక కొమ్మ చివర మాత్రం సిరా మరక అలికినట్టు ఉండిపోయేది.

"అదేనండి" అన్నారు భవ్య గారు. "ఇప్పుడు దగ్గు రానివ్వకండి. ఊపిరి బిగపట్టండి."

మొదటిసారి సన్న గొట్టం ఆ కొమ్మలోకి తిరగలేదు. రెండోసారీ తిరగలేదు. ఎవరో "మేడమ్, ఇంకాస్త వెనక నుంచి మూసేద్దామా?" అన్నారు. "వెనక నుంచి మూస్తే సగం కిడ్నీ పోతుంది. ఇంకోసారి చూద్దాం" అన్నారావిడ. గొంతులో విసుగు లేదు, ఆర్భాటం లేదు. వైరు మార్చారు. నాలుగోసారికి వెళ్లింది. వెంట్రుకంత సన్నటి ప్లాటినం తీగ చుట్టలు రెండు అక్కడ వదిలారు. మళ్లీ మందు ఎక్కించారు. చెట్టు విచ్చుకుంది. మరక లేదు.

నాకు తెలియకుండానే కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారిపోయాయి. ఒక టెక్నీషియన్ చూసి తుడిచాడు.

ఆరు గంటలు కుడికాలు కదపకుండా పడుకున్నాను. సాయంత్రానికి సంచిలో రంగు పల్చబడింది. మర్నాడు మధ్యాహ్నానికి తేట పసుపు. మా ఆయన ఆ సంచిని కిటికీ వెలుగులో పెట్టి చూసి, నా దగ్గరికి తెచ్చి చూపించి, ఇంకా నమ్మకం కుదరక నర్సుని పిలిచి చూపించారు. రెండు రోజులు జ్వరం, ఎడమ డొక్కలో సలుపు ఉన్నాయి. చచ్చిపోయిన ఆ చిన్న ముక్క వల్ల అలాగే ఉంటుందన్నారు. బయాప్సీ రిపోర్టు కూడా ఆ వారమే వచ్చింది. మందులకి లొంగే రకం. రెండు కిడ్నీలూ ఉంటేనే ఆ మందులకి అర్థం అని మహేంద్ర గారు అన్నప్పుడు నాకు తెల్లబూట్ల సర్జను గుర్తొచ్చాడు. ఇప్పుడు కడుపు మీద చెయ్యి వెయ్యకుండా ఇంకెవరి కిడ్నీ తీస్తున్నాడో.

ఇంటికొచ్చిన నాలుగో రోజున బావగారి అరుగు మీద పాలకొల్లు నుంచి వచ్చిన చుట్టాలు కూర్చున్నారు. నన్ను చూడ్డానికి వచ్చి, ముందు ఆయన దగ్గర ఆగారు. పక్కనే ఉన్న మా వాకిట్లోకి అన్నీ వినపడుతున్నాయి.

"నేనే చెప్పానండి డాక్టర్లకి, కొయ్యొద్దని. వైరుతో ప్లాస్టిక్ బిరడా పెట్టెయ్యండి, చాలు అన్నాను. లేకపోతే మనిషి దక్కేది కాదు. రాజమండ్రి పంపించింది నేనే. నా కార్లోనే..."

మా ఆయన అప్పుడే చెరువు దగ్గర నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నారు. చెంబు పక్కన పెట్టారు. తువ్వాలుతో తుడుచుకోకుండా, తడికాళ్లతోనే అరుగు దగ్గరికి నడిచారు.

"అన్నయ్యగారండి" అన్నారు. "మీరు అక్కడ లేరండి. ఒప్పుదల కాగితం మీద సంతకం పెట్టి, కార్లు తీసుకుని వెళ్లిపోయారు. సుమోలో తీసుకెళ్లింది చినబాబండి. వెళ్తానన్నది ఆవిడండి."

బావగారు చుట్టాల ముఖాలు చూసి, కండువా దులుపుకుని లోపలికి వెళ్లిపోయారు. ఆయన లోపలికి వెళ్లడం ఆ వేళప్పుడు ఎవరూ చూసి ఉండరు.

మా ఆయన మెట్లెక్కి వచ్చి నా పక్కన కూలబడ్డారు. చేతులు వణుకుతున్నాయి. ఒకే ఒక్క నిజం చెప్పడానికి ఇంత వణకాలా అనిపించింది. యాభై ఏళ్ల మగాడు! అయినా లేచి వెళ్లి మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను. గటగటా తాగేశారు.

"ఇంకో గ్లాసు తేనా?" అని అడిగాను.